మొదటి నీళ్ళు

పిట్టకి మాటలు తొందరగా వచ్చాయి. ఏడాది నిండీ నిండకముందే అమ్మ, నాన్న, బువ్వ అనేసింది. ఏడాదిన్నరకి “బస్సు పోయింది”, “పాలు వద్దు”, “అది నాది” అంటూ ఇల్లంతా తిరుగుతూ ఒకటే కబుర్లు. నాయనమ్మ మురిసిపోయి వసపిట్ట అని పేరు పెట్టింది. పిలవగా పిలవగా వస పోయి పిట్ట మిగిలింది. అసలు పేరు ఆసుపత్రిలో పిలిచినప్పుడు తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

అలాంటి పిల్ల రెండున్నరేళ్ళు వచ్చేసరికి నోరు విప్పడం మానేసింది. ఒక్కరోజులో జరిగింది కాదది. మొదట వాక్యాలు పోయాయి. తర్వాత రెండేసి మాటలు కలపడం పోయింది. ఆ తర్వాత ఏది కావాలన్నా వేలు చూపించడం, అది చేతికి రాకపోతే నేలకేసి తల కొట్టుకోవడం. తిండి సయించేది కాదు. కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకునేది. బుగ్గలు పాలిపోయి, కళ్ళకింద నీలం దిగి, చూసినవాళ్ళు దిష్టి తగిలిందనో నులిపురుగులనో తలా ఒక మాట చెప్పిపోయేవాళ్ళు.

వాళ్ళది ఇరుకు వీధిలో, పక్క ఇళ్ళతో గోడలు కలిసిపోయిన పాత మేడ. కింద పెద్దకొడుకు ఉండేవాడు. ముందుగదిలో అతనికి కళ్ళజోళ్ళ కొట్టు, వెనక రెండు గదులు, వంటిల్లు. పై అంతస్తులో చిన్నకొడుకు కాపురం. అతను సిటీ బస్సు నడుపుతాడు. అతని భార్య, ఇంటికి చిన్నకోడలు, బేకరీలో పిండి కలిపే పని చేసేది. ఊరు నిద్ర లేచేసరికి రొట్టెలు కొట్లకి చేరాలి కాబట్టి చీకటి ఉండగానే వెళ్ళిపోయేది. పిట్ట పుట్టి ఆమె మళ్ళీ పనిలో చేరవలసి వచ్చినప్పుడు, అప్పటిదాకా కింద పెద్దకొడుకు దగ్గరున్న నాయనమ్మ తన బట్టల పెట్టె పట్టుకుని పైకి వచ్చేసింది.

“పిల్లని నాకు వదిలెయ్. నీ పని నువ్వు చూసుకో,” అంది కోడలితో.

అన్నమాట నిలబెట్టుకుంది. పిట్టని ఆమె పెంచినంత శ్రద్ధగా ఎవరూ పెంచలేరని వీధంతా అనేది. పై అంతస్తుకి నీళ్ళు ఎక్కడం కష్టం. కింద కుళాయిలు, పక్కిళ్ళ కుళాయిలు తెరిచారంటే పైన ధార దారమంత అయిపోయేది. అందుకని నాయనమ్మ అందరికంటే ముందు లేచి, వంటింటి కుళాయి తిప్పి, తిప్పీ తిప్పగానే వచ్చిన నీళ్ళు ఒక గిన్నె నిండా పట్టి మూత పెట్టేది. అవి పిట్ట నీళ్ళు. ఇంకెవరూ ముట్టుకోకూడదు. రాత్రంతా ఎవరి చెయ్యీ పడని నీళ్ళు కాబట్టి శుభ్రమైనవని ఆమె నమ్మకం. ఆ నీళ్ళు పొయ్యి మీద పెట్టి సగానికి సగం ఇగిరేదాకా మరిగించేది. పాలపొడి కలిపినా, జావ కాచినా, ఊరికే గ్లాసులో పోసి తాగించినా అవే నీళ్ళు.

పిట్టకి ఏడాదిన్నర ఉన్నప్పుడే ఊరికి కొత్త నీళ్ళు వచ్చాయి. పాత చెరువు వదిలేసి ఎక్కడో దూరంగా ఉన్న నది నుంచి తెచ్చారు. పాతవాటికంటే ఇవి తేటగా, తియ్యగా ఉన్నాయని అందరూ సంబరపడ్డారు. నాయనమ్మ కూడా పడింది.

మాటలు పోయాక మొదట చూపించిన డాక్టరు బలానికి టానిక్కు రాసి, కొందరు పిల్లలు ఆలస్యంగా మాట్లాడతారని చెప్పి పంపించాడు. ఆలస్యం కాదండీ, వచ్చినవే పోయాయండీ అని చిన్నకోడలు రెండుసార్లు చెప్పింది. ఆయన ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. ఆమె లోలోపల తన పనినే తిట్టుకునేది. కన్నపిల్లని వదిలేసి పిండి పిసకడానికి పోతోంది కాబట్టే పిల్ల మనసు ముడుచుకుపోయిందనుకునేది. నాయనమ్మ పైకి అనలేదుగాని ఆమె అనుమానమూ అదే. ఒకసారి వీధిలో ఎవరో అడిగితే, తల్లి ఒడి తల్లి ఒడేనమ్మా అని నిట్టూర్చింది. ఆ మాట చిన్నకోడలి చెవిన పడింది.

చివరికి పిల్లల ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ, ముందు బుగ్గలు నొక్కి, కనురెప్ప లాగి చూసి, మీరుండే ఇల్లు పాతదా అని అడిగింది. ఇదేం ప్రశ్న అనుకున్నారు. రక్తం తీసి పంపింది. వారం తిరక్కుండానే కబురు పెడితే ముగ్గురూ పిట్టని ఎత్తుకుని వెళ్ళారు.

“రక్తంలో సీసం ఉందమ్మా,” అంది డాక్టరమ్మ.

నాయనమ్మ ముందుకు వంగింది. “సీసా మాన్పించి చాలా కాలమైంది డాక్టరుగారూ. ఇప్పుడు గ్లాసుతోనే తాగుతోంది.”

ఇంకోచోటయితే అందరూ నవ్వేవాళ్ళే. డాక్టరమ్మ నవ్వలేదు. సీసా కాదు, సీసం, అదొక లోహం అని నిదానంగా చెప్పింది. అది ఒంట్లో చేరితే ఇనుముని నిలవనివ్వదని, పసిపిల్లల మెదడు మీద పడుతుందని, పెద్దవాళ్ళకంటే వాళ్ళ ఒంటికి త్వరగా ఎక్కుతుందని వివరించింది. పిట్ట రక్తంలో ఉండకూడనంత ఉంది, కానీ గట్టి మందులు ఎక్కించాల్సినంత లేదు. ఇనుము చుక్కలు, మంచి తిండి రాసిచ్చింది. చిన్నకోడలు అవి చేతిలో పట్టుకుని, వీటితో తగ్గిపోతుందా అని అడిగింది.

“మందు కంటే ముందు అది ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కుని ఆపాలి. ఆపకుండా ఏం చేసినా లాభం లేదు,” అంది డాక్టరమ్మ.

కనుక్కోవడం మొదలైంది. చిన్నకొడుకు సెలవు పెట్టి కిటికీల పాత రంగంతా గీకించి, కొత్త రంగు వేయించాడు. పిట్ట ఆటబొమ్మలన్నీ మూటగట్టి పారేశారు. అప్పుడది ఏడ్చిన ఏడుపు వీధి చివరికి వినిపించింది. పాత గిన్నెలు పోయాయి. అయినా అన్నీ అనుమానాలే. అప్పుడు ఆసుపత్రివాళ్ళు చెప్పగా నీళ్ళ ఆఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. భుజాన సంచి, సంచిలో ఖాళీ సీసాలు. కింద పైన కుళాయిలు చూసింది. తెల్లవారగానే, ఎవరూ కుళాయి తిప్పకముందు ఒక సీసా, కాసేపు నీళ్ళు వదిలాక ఇంకో సీసా పట్టి ఉంచమని చెప్పి వెళ్ళింది. ఆ పని నాయనమ్మే చేసింది. అది ఆమెకి అలవాటైన పనే కదా.

ఫలితం చెప్పడానికి ఇంజనీరమ్మాయి స్వయంగా వచ్చింది. ఆదివారం కాబట్టి అందరూ ఇంట్లోనే ఉన్నారు. కింది నుంచి పెద్దకోడలు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పెద్దకొడుకు రాలేదు. ఆదివారాలే బేరాలు ఎక్కువ.

నీళ్ళలోనే ఉందని ఆ అమ్మాయి చెప్పింది. నదిలో లేదు, ఊరి పెద్ద గొట్టాల్లో లేదు. వీధిలోంచి ఈ ఇంట్లోకి వచ్చే గొట్టమే సీసంతో చేసినది. వెనకటి రోజుల్లో అలాగే వేసేవారు. ఇన్నాళ్ళూ గొట్టం లోపల పట్టిన పొర కొంత కాపాడింది. కొత్త నీళ్ళ గుణం వేరు, ఆ పొరని తినేసింది. అయితే కుళాయి కొంతసేపు వదిలాక పట్టిన సీసాలో సీసం చాలా తక్కువ. రాత్రంతా గొట్టంలో నిలవున్న నీళ్ళలోనే, అంటే తెల్లవారగానే మొదట వచ్చే నీళ్ళలోనే అంత ఉంది.

“ఇంట్లో ఆ మొదటి నీళ్ళు ఎవరు వాడతారండీ?” అని అడిగింది.

 నాయనమ్మ మెల్లగా, “పాపకే. నేనే పడతాను,” అంది. కాస్త ఆగి, ఏదో ఆధారం దొరికినట్టు, “కానీ బాగా మరిగిస్తానమ్మా. సగం అయ్యేదాకా,” అంది.

ఆ అమ్మాయి తల దించుకుంది. “మరిగిస్తే క్రిములు చస్తాయండి. సీసం చావదు. నీళ్ళు ఆవిరైపోతే అది గిన్నెలోనే ఉండిపోతుంది.”

ఆమె వెళ్ళిపోయింది. పిట్ట గోడ వారగా కూర్చుని చెప్పు పట్టీ ఒకటి నోట్లో పెట్టుకుని నములుతోంది. చిన్నకోడలు వెళ్ళి అది లాగేసింది. లాగేసి అక్కడే నిలబడిపోయింది.

“రోజూ పనికి పోతూ ఏమనుకునేదాన్నో తెలుసా అత్తయ్యా? నేను లేకపోతే ఏం, అత్తయ్య ఉంది కదా అనుకునేదాన్ని,” అంది.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాయనమ్మ తట్టుకునేదేమో. ఆ సాయంత్రం ఆమె బట్టల పెట్టె సర్దుకుని కిందికి దిగిపోయింది. ఎవరూ వద్దనలేదు. చిన్నకొడుకు మెట్ల దాకా పెట్టె మోసి, అమ్మా, అది కోపంలో అంది అని నసిగాడు. కోపం కాదురా, నిజం అని ఆమె పెట్టె అందుకుంది.

ఇంజనీరమ్మాయి చెప్పినట్టు వంటింటి కుళాయికి సీసాన్ని వడగట్టే ఫిల్టరు బిగించారు. అన్ని ఫిల్టర్లూ దానికి పనికిరావని, చూసి కొనమని ఆమె మరీమరీ చెప్పింది. తాగడానికీ వండడానికీ ఆ నీళ్ళే. వాడేముందు కుళాయి కాసేపు వదలాలి. చిన్నకోడలు పనివేళలు మార్పించుకుని, మధ్యాహ్నం పూట చేరి రాత్రికి వచ్చేది. ఆ వేళకి పిట్టని పెద్దకోడలు చూసుకునేది.

పెద్దకోడలి సంగతి కొంచెం చెప్పాలి. ఆమె ఆ ఇంటికి వచ్చి పాతికేళ్ళు దాటింది. ఇంట్లో ఉందా లేదా అన్నట్టుండేది. కొట్టు తుడవడం, అద్దాలు తుడవడం, వంట, అంతే. పెళ్ళయిన తొలి ఏళ్ళలో ఆమెకి మూడుసార్లు కడుపు పోయింది. మూడోసారి ఆరో నెల. ఆ తర్వాత మళ్ళీ నిలవలేదు. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. వాడని గది తలుపులా అది మూసే ఉండేది. పిట్ట పుట్టినప్పుడు ఆమె వచ్చి చూసి, చేతులు కడుక్కుని గాని ఎత్తుకోలేదు. ఎత్తుకున్నాక కాసేపటికే ఇచ్చేసింది.

కొన్నాళ్ళకి నీళ్ళ ఆఫీసువాళ్ళు వీధి తవ్వారు. పెద్ద గొట్టం నుంచి ఇంటి గోడ దాకా ఉన్న సీసపు గొట్టం తీసేసి కొత్తది వేశారు. గోడ లోపలిది ఇంటివాళ్ళు వేసుకోవాలట, అది ఆఫీసు లెక్కలోకి రాదట. అయినా సగం పీడ విరగడయిందని అందరికీ కాస్త ఊపిరి ఆడింది. చిన్నకొడుకు గోతి పూడ్చే కూలీలందరికీ టీ తెప్పించాడు. ఇంజనీరమ్మాయి మాత్రం లోపలిది కూడా మార్చేదాకా నమ్మవద్దని చెప్పి మళ్ళీ సీసాలు ఇచ్చింది.

ఈసారి మునుపటికంటే ఎక్కువ వచ్చింది.

గొట్టం మధ్యలో కోసి అతికినప్పుడు మిగిలిన పాత ముక్క కదిలిపోయి, లోపల పట్టినదంతా పెచ్చులు పెచ్చులుగా రాలుతోందట. చిన్నకోడలు ఆ మాట విని గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. అదే వారంలో పిట్ట రక్తం మళ్ళీ పరీక్ష చేశారు. తగ్గాల్సింది తగ్గలేదు, కాస్త పెరిగింది. ఫిల్టరు నీళ్ళే తాగిస్తున్నాం కదా అని చిన్నకోడలు ఏడ్చినంత పని చేసింది. కారణం రెండ్రోజుల తర్వాత పెద్దకోడలు కనిపెట్టింది. స్నానం చేయిస్తుంటే పిట్ట మగ్గు నోటికి ఎత్తిపెట్టుకుని గుటకలు వేస్తోంది. మగ్గు లాక్కుంటే కుళాయి మూతికి నోరు పెట్టి చప్పరిస్తోంది. మూడేళ్ళ పిల్ల, మాట చెబితే అందుకునే స్థితిలో లేని పిల్ల. దాన్ని ఎన్ని కుళాయిల దగ్గర కాపలా కాస్తారు.

లోపలి గొట్టం తీయాల్సిందే. అది సరిగ్గా కళ్ళజోళ్ళ కొట్టు నేల కింద నుంచి వెనక వంటింటి గోడ దాకా పోయి అక్కణ్ణుంచి పైకి ఎక్కుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ కొట్టుకి కిందటేడే పెద్దకొడుకు పాలరాయిలాంటి తెల్లని పలకలు వేయించాడు. నిలువెత్తు అద్దాలు, గాజు బీరువాలు, లోపల దీపాలు. పెద్ద పెద్ద కొట్లు వీధిలోకి వస్తుంటే వాటితో పోటీ పడలేక, ఉన్నదంతా ఊడ్చి పెట్టిన కొట్టు. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పితే చాలదు, పాదాలు కూడా ఒకసారి చూసేవాడు. ఆ నేల మీద ఈగ వాలాలన్నా కాళ్ళు తుడుచుకోవాలని చిన్నకొడుకు ఎగతాళి చేసేవాడు.

ప్లంబరు వచ్చి చూశాడు. పక్క గోడలు పొరుగువాళ్ళవి. ఇంటి ముందంతా గాజు, పైన బోర్డు. నేల పగలగొట్టడం ఇష్టం లేకపోతే కొత్త గొట్టం లోపలి గోడ వెంబడి పాకించవచ్చు, కానీ బీరువాలూ అద్దాలూ అన్నీ ఊడదీయాలి. దానికంటే నేల తవ్వడమే నయం అన్నాడు.

పెద్దకొడుకు ఒప్పుకోలేదు. అలాగని కాదనలేదు. ఈ నెల పోనీ అన్నాడు. బళ్ళు తెరిచే రోజులు, పిల్లలకి కళ్ళజోళ్ళు కొనేది ఇప్పుడే, ఇప్పుడు మూస్తే ఏడాదంతా తిండి ఉండదన్నాడు. ఫిల్టరు ఉంది కదా అన్నాడు. పిల్లని నీళ్ళ గదిలోకి పోనివ్వకుండా గొళ్ళెం పెట్టుకోలేరా అన్నాడు. చిన్నకొడుకు రోజు విడిచి రోజు దిగి అడిగేవాడు. ఒకరోజు మాటామాటా పెరిగింది.

“యాభై ఏళ్ళ నుంచి ఇవే నీళ్ళు తాగుతున్నాను. నాకేమైంది? పిచ్చెక్కిందా?” అన్నాడు అన్న.

“నీకేం కాలేదు అన్నయ్యా. నీకేం కాదు కూడా. నా కూతురు నన్ను నాన్నా అని పిలిచి ఏడాది కావస్తోంది,” అన్నాడు తమ్ముడు.

అన్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. నాయనమ్మ పెద్దకొడుకు కాళ్ళావేళ్ళా పడింది. అమ్మా, నీ బాధ చూడలేకపోతున్నాను, ఒక్క నెల ఓపిక పట్టు అని ఆమెను కూర్చోబెట్టి అన్నం తినమన్నాడు. చెడ్డవాడు కాదు. కాకపోవడమే కష్టమైంది. చెడ్డవాడైతే అందరూ కలిసి తిట్టి ఊరుకునేవాళ్ళు.

ఇంజనీరమ్మాయి కింది వంటింట్లో కూడా సీసాలు పట్టడానికి వచ్చినప్పుడు, సామాను సర్దుకుని వెళుతుంటే పెద్దకోడలు వెనకాలే వీధి మెట్టు దాకా వచ్చింది. ఏదో అడగాలని ఆగింది. ఆ అమ్మాయి కూడా ఆగింది.

“కడుపు నిలవకపోవడానికి కూడా ఇదే కారణమవుతుందా అమ్మా?” అని అడిగింది పెద్దకోడలు.

అవుతుందని విన్నానని, కానీ అది డాక్టర్లు చెప్పవలసిన మాట అని ఆ అమ్మాయి అంది. పాతికేళ్ళ కిందట ఈ నీళ్ళలో ఎంత ఉండేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరండీ అని కూడా అంది. పెద్దకోడలు సరే అన్నట్టు తలాడించి లోపలికి వచ్చి, ఆ రోజు కొట్టు రెండోసారి తుడిచింది. మొగుడికి చెప్పలేదు. చిన్నకోడలికీ చెప్పలేదు. ఆసుపత్రికి పిట్టని తీసుకెళ్ళిన రోజున మాత్రం డాక్టరమ్మ గదిలో తను ఒక్కతే కాసేపు ఆగి అదే మాట అడిగింది. అక్కడా అదే జవాబు వచ్చింది. కావచ్చు, కాకపోవచ్చు.

ఆ మరుసటి వారం పెద్దకొడుకు బీరువా అరలకి గాజు పలకలు కొనడానికి పొరుగూరు వెళ్ళాడు. అతను బస్సెక్కగానే పెద్దకోడలు కొట్టు తలుపులు బార్లా తీసింది. అయితే బేరాల కోసం కాదు. బీరువాల్లోంచి కళ్ళజోళ్ళు ఒక్కొక్కటే తీసి, గుడ్డల్లో చుట్టి, అట్టపెట్టెల్లో సర్దడం మొదలుపెట్టింది. నాయనమ్మ చూసి, ఏంటే ఇది అని అడగలేదు. వచ్చి పక్కన కూర్చుని గుడ్డలు చింపి ఇచ్చింది. చేతులు వణుకుతుంటే ఒక జోడు జారి పడింది, అద్దం పగల్లేదు. పెట్టెలు వెనక గదిలోకి చేరాక పెద్దకోడలు ప్లంబరుకి కబురు పెట్టింది.

ప్లంబరు సుత్తీ ఉలీ పట్టుకుని వచ్చి, ఖాళీ కొట్టులో నిలబడి, అయ్యగారు ఒప్పుకున్నారా అని అడిగాడు. ఒప్పుకున్నాకే పిలిచానంది. అబద్ధం. ఆ ఇంట్లో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే కావచ్చు.

పెద్దకొడుకు సాయంత్రం తిరిగి వచ్చేసరికి కొట్టు నడిమధ్యలో వీధి గుమ్మం నుంచి వెనక గోడ దాకా నేల చీలి ఉంది. తెల్ల పలకల ముక్కలు ఒక పక్క కుప్ప. మన్ను ఇంకో పక్క. పైనుంచి చిన్నకొడుకూ చిన్నకోడలూ దిగి వచ్చి నిలబడ్డారు. వాళ్ళకీ సంగతి ఆ చప్పుడు విన్నాకే తెలిసింది. నాలుగువైపులా అద్దాలుండటం వల్ల ఎటు చూసినా ఆ గొయ్యే కనిపిస్తోంది. అతని చేతిలో గాజు పలకల కట్ట ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉన్నాడు.

“ఎవరు తవ్వమన్నారు?” అన్నాడు.

“నేనే అన్నాను,” అంది పెద్దకోడలు.

అతను తమ్ముడివైపు చూశాడు. తమ్ముడు నోరు తెరవబోతే ఆమె చేత్తో వారించింది.

“ఎవరి మీదా కోప్పడకండి. నాకు మూడుసార్లు పోయినప్పుడు నా గర్భానిదే దోషం అన్నారు. సరే అనుకున్నాను. ఇప్పుడేమో ఈ నీళ్ళు కావచ్చు, కాకపోవచ్చు అంటున్నారు. నాకు ఇక తెలిసే దారి లేదు. ఆ పిల్ల విషయంలో అయితే తెలుసు కదండీ. తెలిసీ ఈ నేల మీద తడిగుడ్డ పెట్టి తుడవడం నావల్ల కాదు.”

పాతికేళ్ళలో ఆమె అంతసేపు మాట్లాడగా ఎవరూ వినలేదు. అతను గాజు కట్టని మెల్లగా కౌంటరు మీద పెట్టి, బేరానికి వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. ప్లంబరు పని ఆపి, పోమంటారా ఉండమంటారా అన్నట్టు చూస్తున్నాడు. పెద్దకొడుకు, “నువ్వు డాక్టర్ని అడిగినట్టు నాకు చెప్పనేలేదు,” అన్నాడు.  అతను మొహం తిప్పుకుని ప్లంబరుతో కానివ్వమన్నాడు.

గొట్టం బయటికి వచ్చినప్పుడు అందరూ వంగి చూశారు. బొటనవేలి కంటే కాస్త లావు, బూడిద రంగు. ఇంత మాత్రానికా అన్నట్టుంది. కానీ ఎత్తితే చెయ్యి జారిపోయేంత బరువు, ప్లంబరు మోకాలి మీద పెట్టి వంచితే వానపాములా వంగింది. కోసిన చోట మాత్రం వెండిలా మెరిసింది. లోపల గోడలకి పాలిపోయిన పెచ్చులు. నాయనమ్మ దాన్ని వేలితో తాకి, వేలు చీరకి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

కొత్త గొట్టం వేశారు. ఇంజనీరమ్మాయి వచ్చి, ముందు గంటల తరబడి నీళ్ళు వదిలించి, కుళాయి మూతుల్లోని సన్నని జల్లెళ్ళు విప్పించి కడిగించి, తర్వాత సీసాలు పట్టించింది. ఈసారి నీళ్ళలో సీసం లేదన్నంత తక్కువ. ఇంకొన్నాళ్ళు ఫిల్టరు తీయవద్దంది. కింద అందరికీ రక్తపరీక్ష చేయిస్తే పెద్దకొడుకుకీ పెద్దకోడలికీ కొంచెం కొంచెం, నాయనమ్మకి బాగా ఎక్కువ వచ్చింది. పిట్ట తాగగా గిన్నెలో మిగిలిన నీళ్ళు పారబొయ్యడం ఇష్టం లేక ఆమే తాగేదట. చేతులు వణకడం, పేర్లు మర్చిపోవడం వయసు వల్ల అనుకున్నారు. ఆమెకి మందిస్తామన్నారు. పిల్లకి ఇవ్వని మందు నాకెందుకని మొరాయించింది. చిన్నకోడలే దిగి వెళ్ళి, వేసుకోండి అత్తయ్యా అని మాత్ర చేతిలో పెట్టింది. అంతకుమించి ఆ ఇద్దరి మధ్య పెద్దగా మాటలు నడవలేదు. మునుపటిలా ఎప్పటికీ నడవలేదు. నాయనమ్మ పైకి వచ్చినా వంటింటి గడప దాటేది కాదు. పిట్ట గ్లాసు పట్టుకుని ఆమె దగ్గరికి వెళితే, అటు పో అమ్మా, అమ్మ పోస్తుంది అనేది.

కొట్టులో పగిలిన పలకల చోట అదే రకం దొరకలేదు. ఇంచుమించు రంగువి వేశారు. నడిమధ్యలో ఒక బాట పోయినట్టు తెలిసిపోతుంది. పెద్దకొడుకు వచ్చినవాళ్ళ పాదాలు చూడటం మానేశాడు. తమ్ముడితో మాట్లాడుతున్నాడు.

పిట్ట రక్తంలో సీసం తగ్గుతూ వచ్చింది, నెలల మీద, నత్తనడకన. బుగ్గలకి రంగు వచ్చింది. కడుపునొప్పి పోయింది. తల కొట్టుకోవడం తగ్గింది. మాటలు తిరిగి వస్తాయా అని చిన్నకోడలు వెళ్ళినప్పుడల్లా డాక్టరమ్మని అడిగేది. కొన్ని వస్తాయమ్మా అనేది డాక్టరమ్మ. ఎన్ని అని అడిగితే చెప్పేది కాదు. ఒంట్లోంచి తీసెయ్యగలం గానీ, అది ఉన్నన్నాళ్ళు చేసి వెళ్ళినదాన్ని తీసెయ్యలేమని ఒకసారి మాత్రం చెప్పింది. ఈడు పిల్లలతో పాటు బడిలో వేద్దామని తీసుకెళితే, అక్కడి పంతులమ్మ రంగులు చూపించి అడిగి, బొమ్మలు చూపించి అడిగి, వచ్చే ఏడు తీసుకురండి అంది.

మాటలు నేర్పించే క్లాసుకి పెద్దకోడలే తీసుకెళ్ళేది. అక్కడ పిట్టకి అమ్మ అనే మాట మళ్ళీ వచ్చింది. వచ్చాక అది పెద్దకోడల్ని కూడా అమ్మా అనే పిలిచింది. పెద్దమ్మ అనడం దానికి చేతకాలేదు. పెద్దకోడలికి ముళ్ళ మీద కూర్చున్నట్టయింది. క్లాసులో టీచరుతో, ముందు పెద్దమ్మ అనడం నేర్పించండి, మిగతావి తర్వాత అని చెప్పింది. ఇంట్లో తనే కూర్చోబెట్టుకుని పెద్ద, పెద్ద అని చెప్పించేది. పిట్ట ఆమె పెదాలనే చూసి, చివరికి అమ్మ అనేది. ఈ తంతు చిన్నకోడలు ఒకరోజు చూసింది.

“ఉండనీ అక్కా. దాన్ని ఇబ్బంది పెట్టకు,” అంది.

“తప్పు కదే. అది నీ మాట,” అంది పెద్దకోడలు.

ప్రయత్నం మానలేదు. క్లాసు ఉన్న రోజుల్లో ఒక్కోసారి పెద్దకోడలూ పిట్టా చిన్నకొడుకు నడిపే బస్సే ఎక్కేవాళ్ళు. డ్రైవరు సీటు వెనక కూర్చునేవాళ్ళు. పైన అద్దంలో అతనికి కనిపించేవాళ్ళు. వదిన పిల్ల గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, పెదాలు విడదీసి నెమ్మదిగా ఒకటే మాట అంటూ ఉండేది. ఇంజను మోతలో ఆ మాట వినిపించేది కాదు. పిల్ల కాసేపు చూసి, మొహం తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసేది. ఆమె మళ్ళీ తిప్పుకునేది. వెనక బళ్ళు హారను కొట్టేదాకా అతను అద్దంలోనే చూస్తూ ఉండిపోయి, తర్వాత గేరు వేసేవాడు.